మందు మానేసినవాళ్లకు చెప్పకూడని సలహాలు

ఇంట్లో ఒకరు మందు మానేశారని తెలిస్తే చాలు, చుట్టాలూ స్నేహితులూ సలహాలు మొదలుపెడతారు. ప్రేమతోనే చెబుతారు. కానీ తొలి నెలల్లో మనిషిని మళ్లీ వైన్స్ మెట్లెక్కించేవి చాలాసార్లు ఆ మాటలే. తాగాలన్న కోరికను పౌరుషంతో అణిచేయొచ్చన్న నమ్మకం వాటి వెనక ఉంటుంది. అది పౌరుషానికి లొంగేది కాదు. ఏళ్ల తరబడి మెదడుకు పడ్డ అలవాటు అది. దానికి కావలసింది ఏర్పాట్లు.

1. "మగాడివైతే ఈ రాత్రికే ఆపెయ్."
పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక గుక్క పడితేగానీ కుదుటపడని మనిషి ఉన్నపళంగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. రెండు మూడు రోజులకు ఒళ్లంతా చెమటలు, జ్వరం పట్టి, లేని మనుషులు కనబడొచ్చు. అది గాలి సోకడం కాదు, తాయెత్తుతో పోదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అసలు ఆపడానికి ముందే డాక్టర్ని కలిస్తే వణుకు తగ్గే మందులు, బి1 విటమిన్ ఇచ్చి క్షేమంగా గట్టెక్కిస్తారు.

2. "విస్కీ మానేశావుగా, ఒక్క బీరుకేం కాదులే."
లెక్క చూడండి. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులు రెండు కలిపినా దాదాపు అంతే. "కల్లు ఒంటికి చలువ" అన్నదీ ఇలాంటి మాటే. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో కలిపే డైజెపామ్, ఆల్ప్రాజోలం అనే మత్తుమందులు మరో వ్యసనాన్ని అంటగడతాయి.

3. "తాగకపోతే మానె, వచ్చి ఊరికే కూర్చో."
సోడా మూత తీసిన చప్పుడు, గ్లాసులో ఐసు ముక్కలు, ప్లేట్లో వేడివేడి చికెన్ పకోడీ, పక్కవాడి ఊపిరిలో వాసన. ఇవన్నీ మెదడుకు పిలుపులే. కొన్నాళ్లు సిట్టింగులకు పిలవకండి. వైన్స్ ముందు నుంచి కాకుండా వేరే దారిలో ఇంటికి రమ్మనండి. ఎవరైనా బలవంతపెడితే "డాక్టరు వద్దన్నారు" అన్న ఒక్క జవాబు సిద్ధంగా ఉంచుకోమనండి.

4. "దాని గురించి ఆలోచించకు."
వద్దనుకున్నకొద్దీ అదే గుర్తొస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లట్ ఈ కోరికను సముద్రపు అలతో పోల్చాడు: లేస్తుంది, ఎత్తుకు చేరుతుంది, విరిగిపోతుంది. సాధారణంగా అరగంటలోపే తగ్గుముఖం పడుతుంది. సాయంత్రం ఏడింటికి నాలుక లాగిందంటే గడియారం చూసుకుని, ముందు ఇంత పెరుగన్నం తినమనండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఉన్నప్పుడు కోరిక ఎక్కువవుతుంది. ఆ అరగంట మీరు పక్కనుండండి, కలిసి నాలుగు వీధులు నడవండి.

5. "తెలియకుండా కూరలో మాత్ర కలిపెయ్యమ్మా."
భార్యలకు గుట్టుగా చెప్పే ఈ సలహా అన్నిటికన్నా ప్రమాదం. అలా కలిపే డైసల్ఫిరామ్ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది. ప్రాణమే పోవచ్చు. పైగా ఇంటి అన్నం మీదే నమ్మకం పోతుంది. ఆ మనిషికి తెలిసే, డాక్టరు చూసే ఇవ్వాలి. కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, మానేసిన స్థితి నిలబడేందుకు తోడ్పడే అకాంప్రోసేట్ కూడా ఉన్నాయి. అడగండి.

6. "అయ్యప్ప మాల వేయించు, అదే పోతుంది."
మాలలో బలం ఉంది. తెల్లవారుజామున స్నానం, వేళకు భిక్ష, సాయంత్రం భజన, నలుగురు స్వాముల తోడు మనిషిని 41 రోజులు కాపాడతాయి. మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారే పోతాయి. అందుకే ఆ సాయంత్రం ఎక్కడుండాలో, ఎవరితో ఉండాలో దీక్షలో ఉండగానే అనుకోవాలి. స్నానం, భజన, తోడు కొనసాగాలి. తోడు కోసం, మానేసినవాళ్లు ఒకరికొకరు అండగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకూ వెళ్లొచ్చు, రుసుము లేదు.

7. "మళ్లీ తాగావుగా, ఇక నువ్వు మారవు."
ఒకసారి జారడం చాలామందికి జరుగుతుంది. అంతకుముందు నిలబడ్డ రోజులు వృథా కావు. ఎక్కడ, ఎవరితో, ఏ వేళకు జారారో ఓపిగ్గా అడగండి. రేపటి ఏర్పాటు అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416లో ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.