హిరణ్యాక్షుడి టిప్పర్లు

సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢంలో ముసలీ ముతకా చెప్పుల్లేకుండా అంత దూరం నడుస్తుంటే చూసేవాళ్లకే కాళ్లు పీకుతాయి. విశాఖలో కొండలు కొట్టే పెద్దమనుషులకు ఈ బాధ తెలిసినట్టుంది. చుట్టుపక్కల కొండల్ని ఏటా ఇంత చొప్పున కొరుక్కుంటూ వస్తే ఎప్పటికో సింహాచలం అప్పన్న కొండ వంతూ వస్తుంది. అప్పుడు ప్రదక్షిణ పది నిమిషాల పని. భక్తుల సౌకర్యం కోసం ఇంతగా తపించే కాంట్రాక్టర్లు ఇంకే ఊళ్లోనైనా ఉన్నారా?

కొట్టడం మీద గొడవలు చాలానే అయ్యాయి. రుషికొండ తవ్వకం హరిత ట్రిబ్యునల్, హైకోర్టు, సుప్రీంకోర్టు మూడు గడపలూ తొక్కింది. ఈలోగా కోసిన వాలు మీద పచ్చటి మ్యాట్ పరిచారు. పోయిన మనిషికి తెల్లగుడ్డ, పోయిన కొండకు పచ్చగుడ్డ. 2024లో భీమిలి ఎర్రమట్టి దిబ్బల దగ్గర యంత్రాలు దిగాయి. అవి వేల ఏళ్ల నాటి దిబ్బలు, జాతీయ భూవారసత్వ స్థలం. పొక్లెయినుకు మాత్రం వట్టి గ్రావెల్.

నా గొడవ వేరు. తవ్విందంతా ఎటు పోతోంది?

తవ్వేటప్పుడు మట్టి చిన్నతరహా ఖనిజం. సీనరేజి కట్టాలి, పర్మిట్ ఉండాలి. టిప్పరెక్కి ఊరు దాటేసరికి అదే మట్టి చెత్త. ఖనిజంగా ఉన్నంతసేపూ అందరూ చుట్టాలే, చెత్తయ్యాక దిక్కులేని శవం. రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటితే కాంక్రీటు, మట్టి, ఇటుకలు దేనికది వేరుచేయాలని 2016 నిర్మాణ వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మనవాళ్లు వేరుచేసేది వాటాలొక్కటే.

రాత్రి పది దాటాక కొండ కింది రోడ్డు మీద నిలబడి చూడండి. పట్టా కప్పని టిప్పరు, నంబరు ప్లేటు మీద సమయానికి అంటుకున్న బురద, వెనక డోరు సందులోంచి దారంతా రాలే ఎర్రమట్టి. మలుపులో డ్రైవరు లైట్లార్పి తొట్టె లేపుతాడు. తెల్లారేసరికి పక్కన పారే గెడ్డ సగమవుతుంది. వానకు నీళ్లు కాలనీలోకి వస్తాయి. అప్పుడు పూడికతీతకు టెండరు. తీసింది గట్టు మీదే పోస్తారు, మరుసటి వానకు మళ్లీ గెడ్డలోకి. మట్టి ఒక్కటే, బిల్లులే రెండు.

పైమట్టిని విడిగా పోగుపెడితే మొక్కలు బతుకుతాయి. పొడిపొడిగా విరిగే ఖోండలైటు రాయి పల్లాలు నింపడానికి, గట్టి రాయి గోడలు కట్టడానికి పనికొస్తాయి. సెల్లారు తవ్వేవాడికీ, స్థలం ఎత్తు చేసుకునేవాడికీ ఫోను కలిపితే సగం పీడ వదులుతుంది. లండన్‌లో క్రాస్‌రైల్ సొరంగాలు తవ్వినవాళ్లు 30 లక్షల టన్నులు వాలసీ దీవికి పంపి, పక్షుల కోసం చిత్తడినేల తయారుచేశారు. మనకంత శ్రమెందుకు? ఉన్న చిత్తడినేలల్ని పూడ్చేస్తే పక్షులే లండన్ పోతాయి.

ఇంతకీ సింహాచలం కొండ మీదున్నది ఎవరనుకున్నారు? హిరణ్యాక్షుడు భూమిని చాపలా చుట్టి నీళ్లలో దాస్తే, వరాహమై దిగి కోర మీద ఎత్తి తెచ్చిన స్వామి. పాపం హిరణ్యాక్షుడు ఒక్క ట్రిప్పులో తేల్చేద్దామని దొరికిపోయాడు. మనవాళ్లు తెలివైనవాళ్లు, లోడు లోడుగా దాస్తున్నారు. స్వామే దిగొచ్చి పూడిక తీస్తానన్నా లాభం లేదు. ఎత్తిన మట్టిని ఎక్కడ దించాడో లోకమంతటికీ చూపించినవాడు, టెండరు మొదటి రౌండులోనే ఎగిరిపోతాడు.