కంటి కింద నలుపు: పెంపకం, పోషణ

కంటి కింద నల్లటి వలయాలు పెంచడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒంట్లో అన్నిటికన్నా పలచని చర్మం కనురెప్పలదే. దాని మందం అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. అడుగున సన్నటి రక్తనాళాలు, చర్మంలోనే మెలనిన్ అనే రంగు, కిందుగా బుగ్గ ఎముక గట్టు: సరంజామా అంతా పుట్టుకతోనే సిద్ధం. అవ్వకో మేనత్తకో ఈ నలుపు ఉంటే పని సగం అయినట్టే. వంశంలో వచ్చిన నలుపు ఎంత నిద్రపోయినా చెక్కుచెదరదు.

ఆ ఆస్తి లేనివారు కష్టపడి సంపాదించుకోవాలి. అందుకు తిరుపతిని మించిన ఊరు లేదు. కొండమీద ఏకాంతసేవ అర్ధరాత్రి దాటాక, సుప్రభాతం తెల్లవారుజామున మూడింటికి. గురువారం నేత్రదర్శనం నాడు ఎంత తేరిపార చూసినా స్వామి కళ్ల కింద నలుపు కనిపించదు గనుక నిద్ర ఒక్కటే కారణం కాదని గ్రహించాలి. మనుషుల సంగతి వేరు. నిద్ర చాలకపోతే ముఖం పాలిపోతుంది, లోపలి నాళాల నీలం పైకి తేలుతుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గడిపిన రాత్రి తాలూకు నలుపు ఇంటికెళ్లి కంటినిండా పడుకుంటే పోతుంది. నిలకడైన ఫలితం కోరేవారు శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు చూసుకోవడం మేలు.

ఎండనూ వదులుకోకూడదు. గంగమ్మ జాతరలో తోటి వేషానికి పూసుకున్న బొగ్గు స్నానంతో దిగిపోతుంది. అదే జాతరలో టోపీ లేకుండా తిరిగితే పట్టే నలుపు సబ్బుకు లొంగదు. దుమ్ముకు కళ్లు దురదపెడితే అలర్జీకి మందు వాడకుండా పిడికిలితో నలపాలి. నలిపేకొద్దీ మెలనిన్ పెరుగుతుంది. సంగటి, ఆకుకూర పప్పు మానేసి, తిన్న వెంటనే టీ తాగాలి. టీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రక్తం తగ్గి ముఖం తెల్లబోతే వలయాలు మరింత నిండుగా కనిపిస్తాయి.

చికిత్సలు చేయించుకుంటూ కూడా నలుపును కాపాడుకోవచ్చు. నియమం ఒక్కటే: అది ఏ రకం నలుపో తెలుసుకోకూడదు. మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి రెప్ప కింది చర్మాన్ని మెల్లగా లాగితే గుట్టు బయటపడుతుంది. మార్పు లేకపోతే అది రంగు. నీలం ఇంకా తేలితే నాళాలు. పలచబడితే, లేదా ఎదురు వెలుతురుకు మాయమైతే, గుంట తాలూకు నీడ. ఈ పరీక్ష జోలికి పోనివారు మందులను నిశ్చింతగా తారుమారు చేసుకోవచ్చు.

నాళాల నీలాన్ని కాసేపు తగ్గించే చల్లటి గుడ్డను, కెఫీన్ క్రీమును రంగు మీద వాడాలి. రంగుకు పనికొచ్చే సన్‌స్క్రీన్, విటమిన్ సి, అజెలాయిక్ ఆమ్లం, రెటినాల్ క్రీములను నీడకు పూయాలి. ఒకవేళ సరైన చోటే పూసినా గుణం కనిపించడానికి నెలలు పడుతుంది గనుక వారానికే విసిగి మానేయాలి. గుంటను నింపే హైలురానిక్ ఆమ్లం ఫిల్లరును బ్యూటీపార్లరులో వేయించుకోవాలి. అది రక్తనాళంలోకి పోతే అరుదుగానైనా చూపు పోతుందన్న మాట అక్కడ ఎత్తకూడదు. కెమికల్ పీలింగ్, లేజరు కూడా అనుభవం లేనివారి చేతిలోనే పెట్టాలి. చామనచాయ చర్మం మీద పాళ్లు తప్పితే ఉన్న నలుపుకు కొత్త నలుపు తోడవుతుంది.

ఇవేవీ అందనివారికి నిమ్మరసం ఉంది: మంట, ఆ తర్వాత మచ్చ. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ క్రీము ఇంకా ఘనమైనది. మొదట్లో తెల్లబరుస్తుంది, నెలల తరబడి పూస్తే చర్మాన్ని పలచన చేసి నాళాలను బయటపెడుతుంది, కంట్లో ఒత్తిడినీ పెంచగలదు.

వలయాలు కావాలనుకునేవారు తిరుపతి రుయా ఆస్పత్రి చర్మవ్యాధుల ఓపీ వైపు వెళ్లకూడదు. చర్మవైద్యులు ముందు కారణం వెతుకుతారు, అనుమానమొస్తే రక్తపరీక్ష రాస్తారు, ఆ తర్వాతే క్రీము సంగతి ఎత్తుతారు. ఆ వరసలో పోతే పెంచుకున్న నలుపు చాలావరకు చేజారుతుంది. మిగిలేది అవ్వ ఇచ్చిన వాటా మాత్రమే.