పుస్తకంలో లేని దుర్భిణి

నేను పిడి ఉన్న చిన్న దుర్భిణిని. ‘చారులత’ సినిమా చూసినవాళ్లకి నన్ను వేరే పరిచయం చేయక్కర్లేదు. రవీంద్రుడు 1901లో రాసిన ‘నష్టనీడ్’ నవలిక మాత్రం ఎంత తిరగేసినా నేను దొరకను. నన్ను కన్నది సత్యజిత్ రే, 1964లో.

పొద్దుపోని ఇల్లాలి మనసులోకి రవీంద్రుడు ఒక్క వాక్యంతో దూరిపోగలడు. కెమెరాకి ఆ వీలేదీ? అందుకే మొదటి ఏడెనిమిది నిమిషాలు, దాదాపు మాటల్లేకుండా, రే నా చేత చాకిరీ చేయించాడు. ఆ ఇల్లాలు చారు నన్ను పట్టుకుని ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి పరుగెడుతుంది. ఒక రెక్క సందులోంచి పల్లకీ, ఇంకో సందులోంచి గొడుగేసుకున్న లావుపాటాయన. అంతలో భర్త భూపతి పుస్తకంలో తల దూర్చి ఆమె పక్కనుంచే వెళ్లిపోతాడు, చూడనైనా చూడడు. వీధిలోవాళ్లని చూసినట్టే అతణ్నీ నాలోంచి చూస్తుంది. నాలుగడుగుల్లో ఉన్న మొగుణ్ని దుర్భిణి పెట్టి చూడటం! సొంత పత్రికే లోకమైన ఆ పెద్దమనిషి గురించి ఇక వేరే చెప్పాలా?

తర్వాత తోటలో, ఉయ్యాల మీద. పొరుగింటి తల్లీబిడ్డల మీంచి నన్ను జరిపి, రాసుకుంటున్న మరిది అమల్ మీద నిలిపింది. అతని మీద తనకున్న ప్రేమ సంగతి ఆమెకి తెలిసిపోయింది అక్కడే.

నవలికలో ఈ తెలియడం నిదానంగా జరుగుతుంది. అమల్ పెళ్లి చేసుకుని ఇంగ్లండు వెళ్లాక గానీ దిగులు ముదరదు. చారు అతనికి రహస్యంగా తంతి ఇస్తుంది, జవాబొచ్చి భూపతి చేతిలో పడుతుంది. రే ఇదంతా కుదించి ఒక్క ఉత్తరం, ఒక్క ఏడుపు చేశాడు. మూలాన్ని మార్చాడని బెంగాలీ విమర్శకులు పేచీ పెడితే వ్యాసం రాసి మరీ జవాబిచ్చాడు. ఆ పేచీలో నేను రే పక్షమే. నన్ను పుట్టించిన మార్పుల్ని నేనెలా కాదంటాను?

ముగింపు దగ్గర మాత్రం నా ఓటు రవీంద్రుడికి. సినిమాలో ఆలుమగలు చేతులు చాచి, అవి కలవకముందే బొమ్మ ఆగిపోతుంది. అందం ఉంది, కాస్త ఆశా ఉంది. పుస్తకంలో భూపతి పత్రిక నడపడానికి మైసూరు బయల్దేరతాడు. తననీ తీసుకెళ్లమని చారు అడుగుతుంది. అతను వెంటనే సరేననలేకపోతాడు. ఆ కాస్త జాగూ ఆమె గమనించింది. తర్వాత రమ్మన్నా వెళ్లలేదు.