మూడు వరుస సంఖ్యల లెక్కకు టీకా తాత్పర్యము

మూలము: మూడు వరుస పూర్ణసంఖ్యల మొత్తము 51 అయిన, ఆ సంఖ్యలను కనుగొనుము.

అవతారిక: ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయమని ఒక వాదం. ఏ గైడు తిరగేసినా ఇదే లెక్క, మొత్తం మాత్రం మారుతుంది గనుక ఆ వాదాన్ని కొట్టిపారేయలేము. మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మాకట్టి ఒట్టేమీ లేదు.

ప్రతిపదార్థము: మూడు అనగా మూడు. తక్కినది స్పష్టము.

ఆక్షేపము: ఈ సంఖ్యలను కూడినవాడెవడు? కూడేనాటికి అవి వాడికి విడివిడిగా తెలిసే ఉండాలి గదా! మొత్తం భద్రంగా రాసిపెట్టుకుని అసలు సంఖ్యలను పోగొట్టుకున్నవాడి కోసం పదమూడేళ్ళ పిల్ల రాత్రి తొమ్మిదింటి దాకా ఎందుకు వెతకాలి? సమాధానము: సిలబస్‌లో ఉంది.

విశేషము: పూర్వులు లెక్క అడిగితే అందులో అడగదగ్గ సంగతి ఒకటి ఉండేది. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో తుమ్మెదల లెక్క చూడండి. గుంపులో అయిదోవంతు ఒక పూలచెట్టు మీద వాలింది, మూడోవంతు మరో పువ్వు మీద. ఆ రెంటి తేడాకు మూడింతలు ఇంకో చెట్టుకు పోయాయి. ఎటూ తేల్చుకోలేని ఒక్క తుమ్మెద గాలిలోనే తిరుగుతోంది. గుంపు ఎంత? దీనికి ఆయన చూపిన దారి ఇష్టకర్మ: నీకు నచ్చిన సంఖ్య అనుకో. ముప్ఫై అనుకుందాం. ఆరు, పది, పన్నెండు పోగా రెండు మిగులుతాయి. మిగలవలసింది ఒకటే గనుక ముప్ఫైలో సగం, పదిహేను. అయిపోయింది! బీజగణితానికి వచ్చేసరికి తెలియని రాశిని ఆయన యావత్తావత్ అన్నాడు, కురచగా ‘యా’ అని రాసుకున్నాడు. తెలియనివి ఒకటికి మించితే రంగుల పేర్లు పెట్టాడు: కాలకము, నీలకము, పీతకము, లోహితకము. నలుపు, నీలం, పసుపు, ఎరుపు! ఆ పద్ధతే నిలిచి ఉంటే మన పిల్లల నోటుబుక్కులు ఉగాది ముగ్గుల్లా ఉండేవి. మనవాడు పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి దించాడు. లెక్కను రాగం తీసి చదువుకోవచ్చునని నమ్మిన జాతి మనది. ఇంతకీ మూలమేది? ఆ, 51.

ప్రయోగవిధి: సంకల్పం చెప్పకుండా పూజ మొదలెట్టరాదు. “ఆ సంఖ్యలు ఎక్స్, ఎక్స్ + 1, ఎక్స్ + 2 అనుకొనుము” అన్నది సంకల్పము. “లెక్క ప్రకారము” అన్నది ఆచమనము. 3 ఎక్స్ + 3 = 51, 3 ఎక్స్ = 48, ఎక్స్ = 16. కావున ఆ సంఖ్యలు 16, 17, 18. చివర “సరిచూచుట”. మధ్య సంఖ్యనే ఎక్స్ అనుకుంటే ఇటు ఒకటి తగ్గి అటు ఒకటి పెరిగి రెండూ కొట్టుకుపోతాయి, 3 ఎక్స్ = 51 అని ఒక్క గీతలో తేలుతుంది. ఈ మార్గం శాస్త్రసమ్మతమే గాని ఆచారంలో లేదు.

పాఠాంతరము: ఒక పిల్ల జవాబు కాగితంలో ఇది కనిపించింది. “51 ÷ 3 = 17. అది మధ్యది. అందుకని 16, 17, 18.” పక్కన ఎర్ర సిరాతో, కాగితం చిరిగేటంత ఒత్తి: “స్టెప్స్ ఏవి?” కింద సున్న. వ్యాఖ్యాత గాంభీర్యం ఇక్కడ నిలవదు. స్టెప్స్ ఏవేమిటండీ? ఆ మూడు ముక్కల్లో ఉన్నవి ఏమిటి మరి? సగటు మధ్యలో ఉంటుందని ఎవరూ చెప్పకుండా కనిపెట్టిన పిల్లకు సున్న వేసి, ఎందుకో తెలియకుండా ఎక్స్ పెట్టినవాడికి నాలుగుకు నాలుగు వేస్తారా? అక్షరం పెట్టడం ఎందుకు నేర్పుతారో మాకు తెలుసు. ముందు ముందు మధ్యది చూడగానే తట్టని లెక్కలు వస్తాయి. ఆ మాట పిల్లకు చెప్పి, మార్కు ఇచ్చి, అప్పుడు నేర్పవచ్చు గదా.

ఉత్తరపక్షము: నాలుగు వరుస పూర్ణసంఖ్యల మొత్తము 100 అయిన, వాటిని కనుగొనుము. సంకల్పము చెప్పి, ఆచమనము చేసి, 4 ఎక్స్ + 6 = 100, 4 ఎక్స్ = 94, ఎక్స్ = 23½. కావున ఆ సంఖ్యలు 23½, 24½, 25½, 26½. సరిచూచుట: కూడగా సరిగ్గా 100. విధిలో ఒక్క మెట్టు తప్పలేదు. అవి పూర్ణసంఖ్యలు కావన్నది విధికి పట్టదు. ఇదే లెక్క ఆ పిల్లకు ఇస్తే నాలుగుతో భాగించి, 25 వచ్చి, నాలుగింటికి మధ్యది ఎక్కడుంటుందని ఆగింది. 23 నుంచి కూడితే 98, 24 నుంచి కూడితే 102. “అలాంటివి లేవు” అని రాసి పెన్ను మూసేసింది.