పది రోజులు ఓపిక పట్టకండి

కొత్తగా ఇంటర్నెట్టు పెట్టించుకున్న ఇంట్లో చెప్పిన వేగం రాకపోతే సలహాలు నాలుగు వైపుల నుంచీ వస్తాయి. పక్కింటి బావగారు ఒకటి చెబుతారు. కాశీబుగ్గలో సెల్లు కొట్టు కుర్రాడు ఇంకొకటి చెబుతాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు ఫోన్లో మూడోది చెబుతాడు. అందరూ మన మేలు కోరేవాళ్లే. కానీ ఆ సలహాల్లో చాలా వరకు తప్పు. వాటిని పాటిస్తే డబ్బు పోతుంది, రోజులు పోతాయి, లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో ఫోను తీగ మీద వచ్చే డీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండు గురించి నేను తరచుగా వినే తప్పుడు సలహాలివి. ఎందుకు తప్పో, వాటి బదులు ఏం చెయ్యాలో కూడా రాస్తున్నాను.

ఇది సరదాకి సంబంధించిన సంగతి కాదు. పరాయి దేశాలకు పనికి వెళ్లినవాళ్లకీ, గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవల మీద ఉన్నవాళ్లకీ ఇంటి మనుషుల ముఖం కనిపించేది వీడియో కాల్లోనే. పలాసలో జీడిపప్పు వ్యాపారి సరుకు లారీకి ఎత్తాలంటే ముందు ఈ-వే బిల్లు తియ్యాలి. కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో రిపోర్టులు విశాఖ డాక్టరుగారికి పంపాలి. ఇలాంటి ఇళ్లలో తప్పుడు సలహాకు చెల్లించే మూల్యం ఎక్కువ.

“కొత్త లైను కదా, సర్దుకోడానికి పది రోజులు పడతాది. ఓపిక పట్టండి.”

అన్నిటికన్నా హాని చేసేది ఈ సలహానే. ఆ మాటకు ఆధారం బ్రిటన్‌లో ఉంది. అక్కడ కొత్త డీఎస్ఎల్ లైనును మొదటి పది రోజులు గమనించి, అది ఎంత తట్టుకుంటుందో చూసి, వేగాన్ని స్థిరపరిచే పద్ధతి ఉంది. ఇక్కడ రోజు రోజుకీ తనంతట తాను వేగం పెంచుకుంటూ పోయిన లైనును నేను ఎక్కడా చూడలేదు. మోడెం వెలిగి ఎక్స్ఛేంజితో లైను కలిసిన కొద్ది నిమిషాల్లోనే ఎంత వేగం దొరుకుతుందో తేలిపోతుంది. మొదటి రోజు 3 మెగాబిట్లు వచ్చిన లైను పదకొండో రోజునా 3 దగ్గరే ఉంటుంది.

పైగా ఆ మొదటి రోజులే మనకు విలువైనవి. తీగ లాగిన మనిషికి ఏ స్తంభం దగ్గర అతుకు వేశాడో, తీగలు ఇళ్లకు చీలే డీపీ డబ్బాలో ఏ జత (పెయిరు) ఇచ్చాడో అప్పటికి గుర్తుంటుంది. రెండు వారాలు పోయాక వచ్చేవాడు వేరే మనిషి కావచ్చు. అతను మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. అందుకని లైను పెట్టిన రోజే, లైన్‌మన్ గుమ్మం దాటకముందే, ఆయన ఎదుటే వేగం చూడండి. తక్కువ వస్తే అప్పుడే చెప్పండి.

ఇక ఏ సలహా వినే ముందైనా మూడు అంకెలు రాసుకోవాలి. మిగతా అన్నిటికన్నా ఇదే ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మోడెంకి కంప్యూటరును లాన్ తీగతో కలిపి, బ్రౌజరులో 192.168.1.1 అని కొడితే మోడెం పేజీ తెరుచుకుంటుంది. కొన్ని మోడెంలకు ఈ అంకె వేరుగా ఉంటుంది. అదీ, లోపలికి వెళ్లే పేరూ, పాస్‌వర్డూ మోడెం కింద అంటించిన కాగితం మీద ఉంటాయి. ఆ పేజీలో డీఎస్ఎల్ స్టేటస్ అనే చోట డౌన్‌స్ట్రీమ్ రేటు, అటెన్యుయేషన్, నాయిస్ మార్జిన్ అని మూడు కనిపిస్తాయి. మొదటిది ఎక్స్ఛేంజికీ మీ మోడెంకీ మధ్య కుదిరిన వేగం. రెండోది తీగ పొడవునా ప్రయాణించి వచ్చేసరికి సిగ్నలు ఎంత నీరసపడిందో చెప్పే లెక్క. 30 డెసిబెళ్ల లోపు ఉంటే లైను బాగున్నట్టు. 50 దాటితే బలహీనం. 60 దాటితే ఆ తీగ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. మూడోది తీగలోని విద్యుత్ అలజడి మధ్య సిగ్నలుకు ఎంత వెసులుబాటు మిగిలిందో చెబుతుంది. అది 10 పైన ఉంటే నిశ్చింత, 6 కన్నా దిగితే లైను మాటిమాటికీ తెగిపోతుంది.

ఇందులో రెండో అంకె దాదాపుగా దూరం లెక్కే. డీఎస్ఎల్‌లో ఒక రకమైన ఏడీఎస్ఎల్2 ప్లస్ పద్ధతికి 2003లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అందులో సెకనుకు 24 మెగాబిట్ల దాకా వస్తాయంటారు. అయితే ఆ వేగం ఎక్స్ఛేంజికి బాగా దగ్గరున్న ఇంటికే. తీగ మూడు కిలోమీటర్లు నడిచేసరికి సుమారు 8కి పడిపోతుంది. ఐదు కిలోమీటర్లకు ఒకటో రెండో మిగులుతాయి. ఉద్దానంలో ఇళ్లు కొబ్బరి తోటల్లోనూ జీడి తోటల్లోనూ విడివిడిగా ఉంటాయి. చూపుకు కిలోమీటరున్నర అనిపించే ఇంటికి, తీగ రోడ్డు వెంబడే మలుపులు తిరిగి వస్తే మూడు కిలోమీటర్లవుతుంది. కవిటి మండలంలో తోట మధ్య ఇంటికీ, టెక్కలి బజారులో ఇంటికీ ఒకే ప్లాను అమ్మవచ్చు గానీ ఒకే వేగం ఇవ్వలేరు.

అంకెలు చూసేటప్పుడు రెండు సంగతులు మరవద్దు. ప్లానులో రాసేది మెగాబిట్లు, డౌన్‌లోడు అవుతున్నప్పుడు కంప్యూటరు చూపేది తరచుగా మెగాబైట్లు. 8 మెగాబిట్లయితే 1 మెగాబైటు. పైగా మోడెంలో 8 మెగాబిట్లు కుదిరినా స్పీడు టెస్టులో 7కి అటూ ఇటూగానే కనిపిస్తుంది. డేటాతో పాటు వెళ్లే చిరునామాల వంటి వివరాలకే ఆ కాస్తా ఖర్చవుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ లోపం ఏమీ లేదు.

ఇప్పుడు తేల్చుకోవడం తేలిక. మోడెం పేజీలోనే వేగం తక్కువుంటే తప్పు తీగలో ఉంది. అక్కడ బాగానే ఉండి, లాన్ తీగ మీద చేసిన స్పీడు టెస్టులో తక్కువొస్తే కంపెనీ వైపు. అది సాయంత్రం రద్దీ కావచ్చు, మీ పేరు మీద తప్పు ప్లాను ఎక్కించి ఉండవచ్చు. రెండూ బాగుండి సెల్లులో మాత్రమే నెమ్మదిగా ఉంటే ఇంట్లో వైఫైది తప్పు. ఎక్కడ మందగించిందో తేలకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

“ఏటీ కాదు మాస్టారూ, పెద్ద ప్లానుకి మారిపోండి.”

అటెన్యుయేషను 55 ఉన్న తీగ మీద ఎంత పెద్ద ప్లాను కొన్నా తీగ మోసేది అంతే. నెల నెలా బిల్లు పెరుగుతుంది. ఇంకో ముప్పు కూడా ఉంది. మోయలేని వేగం పెడితే నాయిస్ మార్జిన్ పడిపోయి లైను గంటకోసారి తెగుతుంది. దూరపు ఇళ్లవాళ్లు చెయ్యాల్సింది దీనికి పూర్తిగా ఎదురు పని: వేగం కాస్త తగ్గించి ఎక్స్ఛేంజిలో ప్రొఫైలు పెట్టమని అడగాలి. 4 మెగాబిట్లు తెగకుండా వస్తే, తెగి తెగి వచ్చే 6 కన్నా వీడియో కాలు హాయిగా సాగుతుంది.

“నాలుగు యాంటెన్నాల రౌటరు కొనండి.”

తప్పు వైఫైదని తేలితే కొనవచ్చు. తీగది అయితే, నుయ్యి ఎండినప్పుడు పెద్ద చేద కొన్నట్టే అవుతుంది. వైఫైదే అయినా కొనే ముందు మోడెంని ఇనప బీరువా పక్క నుంచి, నేల మీద నుంచి తీసి ఎత్తులో, ఇంటి మధ్యకు దగ్గరగా పెట్టి చూడండి. ఛానలు 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే దానికి మార్చండి. పాత పెంకుటింటి మందపు మట్టిగోడ అవతలి గదికి ఇవేవీ చాలకపోతే, అక్కడికి లాన్ తీగ లాగించడమే మంచిది. ఆ తీగ 100 మీటర్ల దాకా వేగం తగ్గనివ్వదు.

దీనికే చుట్టంలాంటి ఇంకో సలహా ఉంది: ఫోను తీగను పొడిగించి మోడెంని హాల్లోకి తెచ్చుకోమంటారు. కొట్లో దొరికే పల్చటి ఫోను తీగను కరెంటు వైరు పక్కనే గోడ వెంట లాగితే, ఎక్స్ఛేంజి నుంచి కిలోమీటర్లు దాటి వచ్చిన సిగ్నలు మన ఇంట్లోకి వచ్చాక చెడుతుంది. మోడెం ఎప్పుడూ తీగ ఇంట్లోకి అడుగు పెట్టిన మొదటి డబ్బా దగ్గరే ఉండాలి. పొడిగించాల్సి వస్తే మోడెంకి ఇవతల లాన్ తీగను పొడిగించండి.

“ఆ చిన్న డబ్బా అడ్డం, తీసెయ్యండి.”

చిన్న డబ్బా అంటే స్ప్లిట్టరు. ఫోను మాటలనూ ఇంటర్నెట్టునూ విడదీసేది అదే. ఇంట్లో ఫోను వాడుతూ దాన్ని తీసేస్తే, ఫోను ఎత్తగానే నెట్టు పడిపోతుంది. అసలు చూడవలసింది, లైను, ఫోను, మోడెం అని రాసి ఉన్న మూడు కన్నాల్లో ఏ తీగ దేనిలో ఉందన్నది. తారుమారుగా గుచ్చిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంకో గదిలో స్ప్లిట్టరు లేకుండా రెండో ఫోను కలిపి ఉందేమో కూడా చూడండి. అన్నీ పీకేసి, మొదటి డబ్బాకి మోడెం ఒక్కటే కలిపి అంకెలు మళ్లీ చూడండి. అంకెలు మెరుగుపడితే లోపం ఇంటి లోపలి వైరింగులో ఉన్నట్టు.

“వాన తెరిపిచ్చి ఎండ తగిల్తే అదే సర్దుకుంటాది.”

ఎండ తగిలితే సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నిజమే. అందుకే ఈ సలహా ఇన్నేళ్లుగా బతికి ఉంది. వానకి పడిపోయి ఎండకి లేచే లైనులో ఎక్కడో అతుకులోకి నీరు దిగుతోందని అర్థం. బారువ, భావనపాడు, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లలో ఉప్పుగాలి ఉంటుంది కాబట్టి, ఆ తడితో రాగికి చిలుము పడుతుంది. ఎండినా చిలుము పోదు, ప్రతి వానకీ ఇంకాస్త తింటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరలోనే తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి చెట్లనూ కరెంటు స్తంభాలనూ కూల్చేసింది. అలాంటి గాలివాన తరవాత త్వరగా లైను ఇవ్వాలనే తొందరలో మెలి తిప్పి టేపు చుట్టిన అతుకులు ఏ ఊళ్లోనైనా మిగిలిపోతాయి. కొత్త కనెక్షనుకైనా ఇంటి దాకా వచ్చే చివరి తీగే కొత్తది, దాని వెనక ఉన్నది పాత కేబులే.

కాబట్టి వాన కురుస్తుండగానే ఫిర్యాదు రాయించండి. ఉరుములు లేనప్పుడు ఫోను ఎత్తి ఒక అంకె నొక్కి, డయలు టోను ఆగాక వినండి. నిశ్శబ్దంగా ఉండాలి. గరగర వినిపిస్తే అతుకు పాడైంది. ఆ శబ్దం లైన్‌మన్‌కి ఫోన్లోనే వినిపించండి. ఆయన వచ్చినప్పుడు తీగ కొస చిలుము పట్టినంత మేర కోసేసి, లోపల జెల్లీ ఉండే కనెక్టరుతో కలపమని అడగండి. టేపు వద్దనండి.

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు ఫ్యాక్టరీల పక్కన ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. పెద్ద మోటార్లు తిరిగినప్పుడు పుట్టే విద్యుత్ అలజడి రాగి తీగలోకి చొరబడుతుంది. లైను తెగిన వేళలన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టండి. అవి మోటారు వేసే వేళలతో కలిస్తే, తీగ దారి మార్చమని అడగడానికి ఆధారం దొరికినట్టే. బోరు మోటారుకీ ఇదే వర్తిస్తుంది.

“ఉరుములొస్తే మోడెం స్విచ్చి కట్టెయ్యండి, చాలు.” చాలదు. పిడుగు ఫోను తీగ గుండా కూడా వస్తుంది. కరెంటు ప్లగ్గూ ఫోను తీగా రెండూ పీకాలి. అదీ ఉరుము దగ్గరకు రాకముందే. వేసవి గాలివానల్లో ఈ అజాగ్రత్తకు చెల్లించే మూల్యం మోడెం ఖరీదు, కంప్యూటరు లాన్ తీగతో కలిసి ఉంటే దాని ఖరీదు కూడా.

స్పీడు పెంచే యాప్‌లు దించుకోకండి. తీగలోని లోపాన్ని సెల్లులోని యాప్ ఏమీ చెయ్యలేదు.

“మనకి బాగానే కనబడతాంది, అక్కడోళ్లకే మన బొమ్మ ఆగిపోతాంది. వాళ్ల నెట్టే బాగోలేదు.” దుబాయిలో ఉన్న కొడుకు నెట్టును ఇలా తప్పు పట్టకండి. ఏడీఎస్ఎల్‌లో మన వైపు నుంచి పైకి వెళ్లే దారి చాలా ఇరుకు, మామూలుగా 1 మెగాబిట్టుకు అటూ ఇటూ. ఇంట్లో ఇంకొకరి సెల్లు ఫొటోలను తనంతట తాను పైకి ఎక్కిస్తుంటే ఆ దారి నిండిపోతుంది. కాలు చేసేటప్పుడు ఆ బ్యాకప్పు ఆపండి.

“లైన్‌మన్ చేతిలో ఏదైనా పెట్టండి, తిన్నగా చేస్తాడు.” ఆయన వేగాన్ని దాచిపెట్టుకుని కూర్చోలేదు. బాగుపడాల్సింది కేబులైతే ఆ పని పై నుంచి మంజూరవ్వాలి, దానికి ఫిర్యాదు నంబరు కావాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో పెట్టిన నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకీ డాకెట్ నంబరు ఇచ్చి తీరాలి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి ఖర్చు లేకుండా అప్పీలు చేసుకోవచ్చు. డాకెట్ నంబరు లేకుండా నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకు ఈ హక్కులేవీ ఉండవు. ఫిర్యాదులో “నెట్టు స్లో” అని రాయించకండి. తేదీ, వేళ, లాన్ తీగ మీద వచ్చిన వేగం, మోడెం పేజీలోని మూడు అంకెలు రాయించండి. 2006లో ట్రాయ్ పెట్టిన నాణ్యత ప్రమాణం కంపెనీ నెట్‌వర్కు నుంచి ఇంటి దాకా ప్లాను వేగంలో 80 శాతానికి మించి రావాలంది. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండుకు కనీస వేగాన్ని 2 మెగాబిట్లకు పెంచింది. అంతకన్నా తక్కువ వస్తుంటే, మీకు బ్రాడ్‌బ్యాండు అని అమ్మినది ప్రభుత్వ లెక్కలో బ్రాడ్‌బ్యాండే కాదు. ఆ మాట కూడా ఫిర్యాదులో ఉండాలి.

అతుకులన్నీ బాగు చేశాక కూడా అటెన్యుయేషను 60 దాటి ఉంటే, ఇక ఆ తీగతో పోరాడవద్దు. డిపాజిట్టు వెనక్కి అడిగి, మీ వీధికి ఫైబరు ఎవరిది వచ్చిందో కనుక్కోండి. 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ లాంటివి కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. ఊళ్లలో ఎక్కువమందికి కేబుల్ టీవీ ఆపరేటరే ఆ కనెక్షను ఇస్తాడు. ఫైబరుకు చిలుము పట్టదు, మూడు కిలోమీటర్లు దానికి దూరమే కాదు. కానీ అక్కడా పెట్టిన రోజే ఒక అంకె అడగండి: ఇంటికి చేరిన కాంతి బలం. అది మైనస్ 25 డీబీఎం కన్నా బలహీనంగా, అంటే మైనస్ 26, 27 అలా ఉంటే ఒప్పుకోకండి. గోడ మూల దగ్గర తీగ మడతపడి ఉందేమో చూపించి, సరిచేశాకే సంతకం పెట్టండి.