గుండె ఆపరేషన్ తప్పించుకునే ఎనిమిది తిరుగులేని చిట్కాలు

హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి వంశంలో వచ్చే గుండె కండరం జబ్బు. దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుంది. రెండు జఠరికల మధ్య గోడ దళసరెక్కి, రక్తం బయటికెళ్లే దారికి అడ్డుపడుతుంది. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. మందులు సరిగ్గా వాడినా ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం తగ్గకుండా, అడ్డంకి దగ్గర పీడనం తేడా 50 mmHg దాటితే డాక్టర్లు ఆ మాట ఎత్తుతారు. వాళ్లకు ఆ అవకాశం ఇవ్వకండి.

1. మెట్లెక్కితే రొప్పు వస్తోందా? మెట్లెక్కడం మానేయండి. పడక కింది గదిలోకి మార్చండి. సరుకులు పిల్లలతో తెప్పించుకోండి. డాక్టరు అడిగితే "ఏ ఇబ్బందీ లేదండీ" అనండి. అబద్ధమూ కాదు.

2. ఎకో పడుకునే తీయించుకోండి. ఊపిరి బిగబట్టి ముక్కమన్నా, ట్రెడ్‌మిల్ ఎక్కమన్నా మోకాళ్ల నొప్పులని చెప్పండి. పడుకున్నప్పుడు కనబడని అడ్డంకి ఒళ్లు కదిలితే బయటపడిపోతుంది.

3. మాత్రలు రోజు మార్చి రోజు వేసుకోండి. మందులు పనిచేయలేదని తేలితేనే కదా ఆపరేషన్! సగం సగం వాడితే పనిచేశాయో లేదో ఎప్పటికీ తేలదు.

4. ఛాతీ నొప్పెడితే పక్కింటాయన దగ్గర నాలుక కింది మాత్ర అడిగి వేసుకోండి. రక్తనాళాలు వదులై, బీపీ దిగి, అడ్డంకి ఇంకా పెరుగుతుంది. కళ్లు తిరిగి పడిపోతారు. ఆఫీసుకు సెలవు ఖాయం.

5. కాథెటర్‌తో ఆల్కహాల్ పంపి దళసరి గోడను పల్చన చేసే పద్ధతి 1994 నుంచి ఉంది. దానికి ఆస్పత్రి దాకా ఎందుకు? సాయంత్రం గ్లాసులో పోసుకుని తాగేయండి. అడ్డంకి తగ్గదు, పెరుగుతుంది. అయినా వైద్యం చేయించుకున్నట్టే ఉంటుంది.

6. అనుభవమున్న ఆస్పత్రి జోలికి పోకండి. అలాంటిచోట గోడను కొంత కోసి తీసే మయెక్టమీలో ప్రాణాపాయం నూటికి ఒకటి కన్నా తక్కువని చెప్పి మీకు ధైర్యం నూరిపోస్తారు. ఇంట్లోవాళ్లు బలవంతపెడితే, ఆ ఆపరేషన్‌ను తీర్చిదిద్దిన అమెరికన్ సర్జన్ ఆండ్రూ మారో అదే జబ్బుతో 1982లో పోయాడని చెప్పండి.

7. బాబాయి చిన్న వయసులో ఆడుతూ ఆడుతూ కుప్పకూలిన సంగతి డాక్టరుకు చెప్పకండి. చెబితే మీ ఛాతీలో షాకిచ్చే యంత్రం పెట్టాలా అని ఆలోచిస్తారు. "ఆయన వేళ వచ్చింది, పోయాడు" అంటే సరిపోతుంది.

8. పిల్లలకు ఎకో తీయించకండి. ఒక్కొక్కరికీ ఆ జన్యువు వచ్చే అవకాశం సగానికి సగం. పెళ్లి సంబంధాలు ముఖ్యం. ఎవరైనా గుచ్చి అడిగితే, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2009 నాటి పరిశోధన చూపించండి: గుండె జబ్బు ముప్పు పెంచే ఒక జన్యులోపం మన ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉందట. ఇంతమందికి ఉన్నదానికి మనమొక్కళ్లమే పరీక్షకు పరిగెత్తాలా?

ఈ ఎనిమిదీ కొన్నేళ్లు తప్పకుండా పాటించండి. గుండె సాగి, నీరసించి, గోడ కోసినా లాభం లేని దశకు చేరవచ్చు. అప్పుడు మయెక్టమీ చేయించుకోమని ఏ సర్జనూ మిమ్మల్ని అడగడు. గుండె మార్పిడి జాబితాలో పేరు రాయించుకోమంటాడు, అంతే.