డాలరుకు అడ్రసు కావాలి

విదేశీ పెట్టుబడుల్లో పక్క రాష్ట్రం మనల్ని దాటిపోయిందని ఒక పార్టీ గగ్గోలు పెడుతుంది. కాదు, మనమే దాటేశామని ఇంకో పార్టీ తొడ కొడుతుంది. ప్రభుత్వం మారితే గగ్గోలు పెట్టేవాళ్లు తొడ కొడతారు, తొడ కొట్టేవాళ్లు గగ్గోలు పెడతారు. నెల్లూరు తీరంలో పుట్టినవాళ్లకు ఈ పందెం కొత్తేమీ కాదు. ఇందులో మాకు నాలుగొందల ఏళ్ల అనుభవముంది, అదీ ఓడిపోయిన అనుభవం.

1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మా దుగరాజపట్నంలో దిగింది. ఊరికి ఆర్మగాన్ అని పేరు పెట్టుకుని, గిడ్డంగి కట్టి, చుట్టూ ఫిరంగులు నిలబెట్టింది. ఇప్పటి భాషలో అది నూరు శాతం ఎఫ్‌డీఐ (విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి), ఆటోమేటిక్ రూటు, అంటే ప్రభుత్వ అనుమతి అడగక్కర్లేని దారి. ఫిరంగి ఉన్నవాడికి ఏ రూటైనా ఆటోమేటిక్కే కదా! పట్టుమని పదిహేనేళ్లు కాకముందే కంపెనీ కన్ను దక్షిణం వైపు తిరిగింది. అక్కడ గుడ్డ చవగ్గా దొరుకుతుందని కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే పైవాళ్లకు లెక్క చూపించాడు. 1639లో అక్కడి పాలకుడు దామెర్ల నాయకుడు అతనికి సుంకంలో రాయితీ, కోట కట్టుకునే అనుమతి, నాణేలు కొట్టుకునే హక్కు కలిపి పట్టా రాసిచ్చాడు. ప్రోత్సాహక ప్యాకేజీ, సింగిల్ విండో ఒకే కాగితంలో అయిపోయాయి. కంపెనీ మూటాముల్లె సర్దుకుంది. అక్కడ సెయింట్ జార్జి కోట లేచింది, ఇక్కడ ఇసుక మిగిలింది. ఇవాళ తమిళనాడు సచివాలయం నడుస్తున్నది ఆ కోటలోనే. మా ఊరి పెట్టుబడిని అటు లాక్కుపోయినవాడూ తెలుగువాడే కావడం ఒక్కటే మాకు ఓదార్పు.

ఆ బాకీ తీర్చడానికేనేమో, 2014 విభజన చట్టంలో అదే దుగరాజపట్నానికి పెద్ద ఓడరేవు రాసిచ్చారు. తొలి దశ 2018 కల్లా పూర్తి కావాలన్నారు. 2018 వచ్చింది, వెళ్లింది. ఓడ మాత్రం రాలేదు. ఈ లెక్కన కంపెనీవాడే నయం, చెప్పకుండా వచ్చినా గిడ్డంగి కట్టాడు.

ఇక రెండు తెలుగు రాష్ట్రాల పోటీ సంగతి చూద్దాం. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. నీళ్లు, ఉద్యోగులు, ఆస్తులు, అప్పులు అన్నీ పంచుకున్నాం, పంచుకోలేనివాటి కోసం కొట్లాడుకున్నాం. ఒక్క ఎఫ్‌డీఐ మాత్రం ఉమ్మడి కుటుంబంలోనే ఉండిపోయింది. అప్పట్లో రిజర్వ్ బ్యాంకు ప్రాంతీయ కార్యాలయాల వారీగా లెక్క కట్టేవాళ్లు. హైదరాబాద్ కార్యాలయం పద్దులో ఆంధ్ర, తెలంగాణ ఒకే గడిలో కాపురం చేశాయి. ఆ గడి చూపించి ఎవరు ఎంత మాదంటే అంత వాళ్లదే, కాదనే నాథుడు లేడు. 2019 అక్టోబరు నుంచి గానీ రాష్ట్రాల వారీ లెక్క మొదలు కాలేదు. అందులో దాదాపు మూడో వంతు మహారాష్ట్రది, ఆంధ్రది ఒక శాతం లోపే. మనం అంత తీసిపోయామా? కొంత తీసిపోయాం. మిగతాది అడ్రసు మహిమ. డాలరు సాధారణంగా పొగగొట్టం ఉన్న ఊరు చూసుకుని దిగదు, కంపెనీ ఆఫీసు బోర్డు ఉన్న నగరంలో దిగుతుంది. చెమట ఒక రాష్ట్రానిది, పద్దు ఇంకో రాష్ట్రానిది.

తడ దగ్గర మాంబట్టులో అపాచీ బూట్ల ఫ్యాక్టరీ ఉంది. తైవాన్ వాళ్ల పెట్టుబడి, అడిడాస్ బూట్లు, చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే వేలమంది ఆడపిల్లల కష్టం. నెల్లూరు జిల్లాకు ఎఫ్‌డీఐ అంటే ఏమిటో కళ్లకు కట్టి చూపించిన ఫ్యాక్టరీ అది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి, తడ తిరుపతి జిల్లాలో చేరింది. ఒక్క మిషను కదల్లేదు, ఒక్క బూటు ఆగలేదు. మా జిల్లా పెట్టుబడి మాత్రం రాత్రికి రాత్రి తరలిపోయింది. ఫ్రాన్సిస్ డే కనీసం ఓడెక్కి వెళ్లాడు!

ముత్తుకూరు వైపు వస్తే, అక్కడ సింగపూర్ సెంబ్‌కార్ప్ వాళ్ల 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాలు ఉండేవి. కేంద్రాలు ఇప్పుడూ ఉన్నాయి, సింగపూర్ వాళ్లు లేరు. 2023 జనవరిలో అవి ఒమన్ పెట్టుబడిదారుల చేతికి వెళ్లాయి. బేరం పదకొండు వేల కోట్ల రూపాయల పైమాటే. అందులో తమాషా ఏమిటంటే, కొన్నవాళ్లు రొక్కం చేతిలో పెట్టలేదు, అమ్మినవాళ్లే అప్పు రాసుకున్నారు. ఇంత జరిగినా అక్కడ కొత్తగా ఒక్క ఇటుక లేవలేదు.

మా వైపు ఒక రొయ్యల రైతుకు ఈ అంకెల పోటీ గురించి చెబితే నవ్వాడు. ‘‘కౌంట్ పెరిగిందని సంబరపడేది మీ పేపరోళ్లే అబ్బయ్యా! కిలోకి ముప్పై తూగితే రొయ్య, నూరు తూగితే పొట్టు.’’ ఆయనకు ఆర్థికశాస్త్రం తెలియదంటే నేను నమ్మను.

దేశం లెక్క చూడండి. 2024-25లో వచ్చిన ఎఫ్‌డీఐ మొత్తం 81 బిలియన్ డాలర్లు. ఊరూరా చాటింపు వేసింది ఈ అంకెకే. విదేశీయులు అమ్ముకుని తిరిగి పట్టుకెళ్లిందీ, మనవాళ్లు బయటి దేశాల్లో పెట్టిందీ తీసేస్తే మిగిలింది ఒక్క బిలియన్ కూడా లేదు. దానికి చాటింపు లేదు, డప్పు కూలి కూడా గిట్టదు.

పెట్టుబడి తేకుండానే అంకె పెంచే విద్య కూడా మనకు తెలుసు. విదేశీ కంపెనీలు వచ్చిన దేశంలోనే సంపాదించి అక్కడే తిరిగి పెట్టిన లాభాన్ని చైనా తన లెక్కలో కలుపుకునేది, మనం కలిపేవాళ్లం కాదు. 2003లో రిజర్వ్ బ్యాంకు నిర్వచనం మార్చింది. దాంతో 2000-01 లెక్క 2.3 బిలియన్ల నుంచి 4 బిలియన్లకు ఎగబాకింది. మార్చడం న్యాయమే, ప్రపంచమంతా వాడే కొలత అదే. కానీ గడిచిపోయిన ఏడాదికి పెట్టుబడి తెచ్చిన ఘనత చైనాకు కూడా లేదు. నిర్వచనం మారకముందరి అంకెను, మారిన తర్వాతి అంకెను పక్కపక్కన పెట్టి ‘ఇంతలింతలైంది’ అనేవాళ్లకు మాత్రం కొదవలేదు.

విశాఖ పెట్టుబడుల సదస్సుల సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. 2023 మార్చిలో ఒక ప్రభుత్వం 13 లక్షల కోట్ల ఒప్పందాలు చేసుకుంది. 2025 నవంబరులో దానికి బద్ధ విరోధి అయిన ప్రభుత్వం కూడా 13 లక్షల కోట్ల ఒప్పందాలే చేసుకుంది. ఈ రాష్ట్రంలో రెండు పార్టీలకూ ఏకాభిప్రాయం కుదిరిన ఒకే ఒక్క విషయం ఆ పదమూడు.

అందుకని పాఠకులకు ఒక మనవి. పక్క రాష్ట్రంతో పోల్చి అంకె చదివే నాయకుడు మీ ఊరికొస్తే ఏ ఏడాది నుంచి లెక్కేశాడో, ఏ అడ్రసుకు వచ్చిందో, పోయింది తీసేశాక ఎంత మిగిలిందో అడగండి. మూడింటికీ జవాబు చెప్పినవాడికే ఓటేయండి. అలాంటివాడికి ఇంతవరకు ఏ పార్టీ టికెట్ ఇచ్చినట్టు లేదు.